దాత పేరు, ఊరు, బంధుత్వం

మా గోదాముల పర్యవేక్షణ శాఖలో తప్పు చేసినవాడు ఎలాగోలా బతికిపోతాడు. తప్పు చెయ్యనివాడు కూడా చాలామటుకు బతికిపోతాడు. 'నేను చేసింది తప్పో కాదో దయచేసి స్పష్టత ఇవ్వగలరు' అని పై అధికారికి రాసినవాడు మాత్రం బతికి బట్టకట్టిన దాఖలా లేదు. ఇన్నేళ్ళ సర్వీసున్న నాకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసే రాశాను. నిజాయితీ అనే జబ్బు మనిషిని అంతపని చేయిస్తుంది.

సంగతి మా ఇంటి కంప్యూటరుతో మొదలయింది. ఒకరోజు పొద్దున్నే అది తెర మీద ఒక ప్రకటన చేసింది. తనకు వయసైపోయిందనీ, తనను నడిపించే సిస్టమ్ కొత్తది వచ్చినా దాన్ని మోసే ఓపిక తనకు లేదనీ, ఇకమీదట వైరస్సు గీరస్సు వస్తే కంపెనీవారికి పూచీ లేదనీ. మా శాఖలో మనిషిని రిటైరు చేసేటప్పుడు కూడా కనీసం ఒక శాలువా కప్పుతారు. షాపు అతణ్ణి అడిగితే, "దీన్ని వదిలేసి కొత్తది తీసుకోండి సార్, ఆయ్," అన్నాడు. కీబోర్డు మీద ఒక్క అక్షరం కూడా అరగలేదు. మనసొప్పలేదు.

నిజానికి ఆ కంప్యూటరు నాది కాదు, మా ఆవిడ తులసీరత్నానిది. తణుకులో రెండు ప్రెస్సులకు ఆవిడ శుభలేఖల్లో తప్పులు దిద్దిపెడుతుంది. ఊళ్ళో ఎంతమంది పెళ్ళికూతుళ్ళ పేర్లు ఆవిడ చేతిమీదుగా సరిగ్గా అచ్చయ్యాయో లెక్కలేదు. ఆవిడ పేరు మాత్రం అచ్చయింది ఒక్కసారే, మా శుభలేఖ మీద. అదీ తప్పుగా. ఆ కోపంతోనే ఈ పనిలోకి దిగిందని నా అనుమానం.

"ఏవండీ, ఇంకో సిస్టమ్ ఉందట. దించుకుని పాతదాని స్థానంలో ఎక్కించుకోవడమే. డబ్బక్కర్లేదట," అంది ఫోనులో వీడియో చూస్తూ.

"ఎవరిస్తున్నారు?"

"ఎవరో ఒకరు కాదండీ. దేశదేశాల్లో వేలమంది తలా కాస్త రాసి పెట్టారట. ఎవరైనా తీసుకోవచ్చట."

"ఎందుకిస్తున్నారు?"

"ఇష్టమై ఇస్తున్నారు."

నేను పనిచేసేది సిబ్బంది ఆస్తులు, కానుకలు చూసే సెక్షన్లో. 'ఇష్టమై ఇచ్చారు' అన్న మాట ఏ ఫైల్లో కనిపించినా దాని కింద ఎర్రగీత గీయడం నా ఉద్యోగం. అయినా ఆదివారం కావడంచేత ఊరుకున్నాను. ఆవిడ పెన్‌డ్రైవు పెట్టింది, ఏవో నొక్కింది, మధ్యలో ఒకసారి తెర నల్లబడితే ఇద్దరం దేవుడి పటం వైపు చూశాం. అన్నం తిని వచ్చేసరికి కంప్యూటరు లేచి కూర్చుంది. ముసలితనం పోయింది. పైగా తెలుగులో మాట్లాడుతోంది.

ఆ తెలుగే కొంచెం తేడాగా ఉంది. రాసింది సేవ్ చెయ్యాల్సినచోట 'రక్షింపుము' అని ఉంది.

"ఎవర్ని రక్షించాలండీ, ఏట్లో పడ్డవాళ్ళనా?" అని తులసీరత్నం పడీపడీ నవ్వింది. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు కదా. ఇంకా మంచి మాట ఎవరైనా పంపవచ్చని అక్కడే రాసి ఉందట. 'రక్షింపుము' తీసేసి 'దాచు' అని పంపింది. 'నిష్క్రమింపుము' తీసేసి 'వెళ్ళొస్తా' అని పంపింది. కొన్నాళ్ళకు ఎక్కడినుంచో థాంక్స్ చెబుతూ జవాబొచ్చింది. ఆ తర్వాత సిస్టమ్‌ను తాజా చేసినప్పుడు తెర మీద నిజంగానే 'దాచు' అని వచ్చింది. తయారుచేసినవాళ్ళ పేర్లున్న పేజీలో 'తులసీరత్నం, తణుకు' అని కూడా వచ్చింది. ఫలానావారి భార్య అని లేదు, ఇంటిపేరు లేదు. తప్పు లేకుండా పడింది. ఆవిడ చీరకొంగుతో తెర తుడిచి మళ్ళీ చూసుకుంది. నాకు చాలా సంతోషమనిపించింది, ఆ సంతోషంలో ఆఫీసు సంగతి మర్చిపోయాను కూడా.

గుర్తొచ్చింది ఆ తర్వాతి సోమవారం. ఆ నెల్లోనే సూపరింటెండెంటు ప్రమోషన్ల జాబితా తయారవుతోంది, అందులో నా పేరు పైనుంది. మా శాఖ నియమం ప్రకారం దగ్గర బంధువులు కానివారెవరైనా కానుక ఇస్తే ఉద్యోగి శాఖకు తెలియజేయాలి. స్నేహితుడిచ్చిన మిక్సీ సంగతి చెప్పలేదని ఒకాయన ప్రమోషను ఆపించిన నోటు రాసింది నేనే. ఆ నోటును కొత్తగా చేరినవాళ్ళకు ఇప్పటికీ నమూనాగా చూపిస్తారు. అలాంటి నేను, ముక్కూమొహం తెలియని వేలమంది ఇచ్చినదాన్ని ఇంట్లో పెట్టుకుని నోరు మూసుకోవడమా?

పక్క సీటు ఖాదర్ వలీకి చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అడక్కు శేషూ. అడిగితే వాళ్ళు చెప్పాలి. చెప్పడం వాళ్ళకి రాదు. రాదని ఒప్పుకోలేక నీ మీద పడతారు. హాయిగా వాడుకో," అన్నాడు.

నేను వినలేదు. 'నా గృహమందలి కంప్యూటరునకు ఉచితముగా లభించిన సిస్టమ్ కానుక కిందికి వచ్చునా, రాదా, స్పష్టత నీయగలరు' అని రాసి, ఆదిశేషు అని సంతకం పెట్టి ఇచ్చేశాను.

మధ్యాహ్నానికల్లా జిల్లా అధికారి మార్తాండరావు గారు పిలిపించారు. ఆయన తలుపు దగ్గర చెప్పులు విడిచే అలవాటు ఎవరికీ లేదు గానీ ఆరోజు నేను విడిచాను.

"దాత ఎవరయ్యా?"

"ఒక్కరు కాదండీ. వేలమంది."

"వేలమంది కలిసి నీకిచ్చారా?" ఆయన కళ్ళజోడు తీశారు. "నాకు కూతురి పెళ్ళికి కూడా అంతమంది ఇవ్వలేదు. నువ్వేం చేసిపెట్టావు వాళ్ళకి?"

"ఏమీ చెయ్యలేదండీ. అందరికీ ఇస్తున్నారు."

"అందరికీ ఇస్తే అది పథకం అవుతుంది. పథకమైతే జీవో ఉండాలి. జీవో ఉందా?"

"లేదండీ."

"మరైతే కానుకే. దాత పేరు, ఊరు, నీకు బంధుత్వం. వేలమందివీ రాసుకురా."

"విదేశాల వాళ్ళు కూడా ఉన్నారండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మార్తాండరావు గారు లేచి కిటికీ తలుపు వేసి వచ్చారు. "పైకి పంపేస్తున్నాను. ఇది జిల్లా స్థాయి మేధస్సుతో తేలేది కాదు," అన్నారు. ఆయన తన మేధస్సు గురించి అంత నిజం మాట్లాడగా అంతకుముందు నేను వినలేదు.

హెడ్డాఫీసు వెంటనే 'కానుక విలువ నిర్ధారణ కమిటీ' వేసింది. అది తేలేవరకు నా ప్రమోషన్ను సీలు కవరులో పెట్టారు. కమిటీవారు నియమం తప్పరు కనుక బజారులో మూడు దుకాణాలనుంచి ధరలు తెప్పించారు. మూడు దుకాణాలవాళ్ళూ 'ఊరికే ఇస్తాం' అని రాసిచ్చారు. కమిటీ తన నివేదికలో ఇలా రాసింది: 'మూడు ధరలును సరిసమానముగా నున్నందున, సదరు దుకాణదారులు కుమ్మక్కైనట్లు భావింపవలసి వచ్చుచున్నది.'

మళ్ళీ అడిగారు. ఈసారి ఒక దుకాణం ఆయన నా మీద జాలిపడి, 'ఒక రూపాయి' అని రాశాడు. కమిటీ అతణ్ణి అధికధరకు అమ్మజూపిన నేరానికి నల్లజాబితాలో పెట్టింది. చివరకు కమిటీ తేల్చింది ఏమంటే, ఈ వస్తువు 'విలువ కట్టుటకు వీలుకానంత విలువైనది'. అంత విలువైనదాన్ని నాలాంటి సీనియర్ అసిస్టెంటు ఉంచుకోరాదు. కాబట్టి కానుకను దాతలకు తిరిగి అప్పగించి, ముట్టినట్లు రసీదులు దాఖలు చేయవలెను.

"తిరిగివ్వడం ఎలాగండీ? ఇది గిన్నె కాదు కదా," అంది తులసీరత్నం.

"కడిగి ఇచ్చేద్దాం," అన్నాను. నాకు అప్పటికే కొంచెం మతి చలించింది.

వాళ్ళందరూ కబుర్లు చెప్పుకునే వేదిక ఒకటి ఇంటర్నెట్టులో ఉంది. అందులో నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక ఉత్తరం పెట్టాను. అయ్యలారా, అమ్మలారా, తమరు దయతో ఇచ్చిన సిస్టమ్‌ను మంచి స్థితిలో, గీతలు పడకుండా తిరిగి ఇచ్చివేయుచున్నాను, ముట్టినట్లు తెలుపగలరు, లేనిచో నా ప్రమోషను పోవును అని. ఎవరైనా నవ్వుకుని వదిలేస్తారనుకున్నాను. వదిలెయ్యలేదు. నార్వేనుంచి పాడిగేదెలు, అంటే ఆవులు కాబోలు, పెంచుకునే ఒకాయన 'ముట్టింది' అని రాశాడు. బ్రెజిల్ నుంచి లెక్కల పంతులమ్మ 'నావంతు ముట్టింది, మీ ప్రమోషను కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తాను' అని రాసింది. కొరియానుంచి ఒకాయన తన రసీదుకు తనే ఒక స్టాంపు బొమ్మ గీసి పంపాడు. ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే గుమాస్తా నేను అచ్చు తీసి ఇచ్చిన ఆ రసీదులన్నిటికీ తేదీ ముద్ర కొట్టలేక చెయ్యి వాచి సెలవు పెట్టాడు. ఎక్కడి మనుషులు, నాకేమవుతారు వీళ్ళు? రాత్రి ఆ రసీదులు చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి.

మార్తాండరావు గారికి మాత్రం చెమర్చలేదు.

"ప్రతివాడూ చివర్లో ఏం రాశాడో చూశావా? 'ఏమైనా ఇబ్బంది పెట్టిందా? ఎప్పుడు కావాలన్నా మళ్ళీ తీసుకోండి' అంటున్నాడు. ఇది రెండో కానుక ఇవ్వజూపడం. కాంట్రాక్టర్లు కూడా ఇంత బతిమాలరయ్యా! పైగా ఈ రసీదుల మీద ఆయా దేశాల గెజిటెడ్ అధికారుల సంతకాలేవీ?"

ఆవులాయన ఊళ్ళో గెజిటెడ్ అధికారి ఎవరో కనుక్కునే లోపలే హెడ్డాఫీసు విచారణాధికారిని పంపింది. ఆవిడ పేరు హైమవతి గారు. ఒకప్పుడు గోదాముల్లో ఎలుకలు తిన్న ధాన్యం మీద విచారణ జరిపి ఎలుకలదే తప్పని తేల్చిన మనిషి. అంత నిష్పక్షపాతంగా ఉంటారని పేరు.

ఆవిడ మా ఇంటికొచ్చి కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తీగలు చూసి, కుర్చీలో కూర్చున్నారు. పక్కన మార్తాండరావు గారు నిలబడ్డారు.

"తిరిగి ఇచ్చేశారు కదా, మరి ఇంకా ఇందులో ఎందుకుంది ఆదిశేషు గారూ?"

"ఇచ్చినా ఉంటుంది మేడమ్. అది అలాంటి వస్తువు."

"ఇచ్చినా ఉండే వస్తువు గురించి నియమావళిలో లేదు," అన్నారావిడ. నిజంగానే బాధపడ్డట్టున్నారు. "కనీసం దాతల్లో ఒక్కరినైనా విచారించకుండా నేను నివేదిక రాయలేను. ఈ వేలమందిలో పిలిస్తే వచ్చే మనిషి ఒక్కరైనా ఉన్నారా?"

"ఉన్నానండీ," అంది తులసీరత్నం.

ఆవిడ అప్పుడే కాఫీ తెచ్చింది. ట్రే బల్లమీద పెట్టి, తయారుచేసినవాళ్ళ పేజీ తెరిచి తన పేరు చూపించింది. "ఈ 'దాచు' నాదండీ. ఈ 'వెళ్ళొస్తా' కూడా నాదే."

ఇన్నాళ్ళూ నేను దాతల కోసం నార్వే, బ్రెజిల్, కొరియా తిరిగాను. వంటింట్లోకి ఒకసారి తొంగిచూడాలని తోచలేదు. సెక్షన్లో నాకున్న పేరు ప్రఖ్యాతులు ఆ క్షణంలో నాకే నవ్వు తెప్పించాయి.

హైమవతి గారు కాఫీ ఒక గుక్క తాగారు. "దాతకూ ఉద్యోగికీ బంధుత్వం?"

"భార్యండీ," అన్నాను.

"భార్య ఇచ్చిన కానుకకు అనుమతి అక్కర్లేదు," అని ఆవిడ ఫైలు మూసేశారు. "మరి మిగతా దాతలు?" అని మార్తాండరావు గారు నసిగితే, "వాళ్ళు ఆవిడకు సహాయకులు," అన్నారు. అంతమంది విదేశీయులు తన కింద పనిచేస్తున్నారని తెలిసి తులసీరత్నం కొంగు సర్దుకుంది.

సీలు కవరు విప్పారు. నేను సూపరింటెండెంటునయ్యాను. పనిలో పనిగా ఆ ఫైలు చదివిన హెడ్డాఫీసువారికి ఊరికే వచ్చే సిస్టమ్ ఒకటి ఉందని తెలిసింది. శాఖలోని కంప్యూటర్లన్నీ కూడా ముసలివే. అన్నిటికీ అదే ఎక్కించమని ఆర్డరేశారు. దానికి కమిటీ వెయ్యలేదు, విలువ కట్టలేదు. శాఖకు కానుకలు పుచ్చుకోరాదన్న నియమం లేదు.

ఇళ్ళల్లో వాడుకోదలచిన ఉద్యోగులకు మాత్రం వేరే సర్క్యులర్ వచ్చింది. 'దాతలలో కనీసము ఒక్క దగ్గరి బంధువైనను ఉండవలెను' అని. ఇక చూడాలి శాఖ హడావిడి. భార్యలు, తల్లులు, బావమరదులు అందరూ తెలుగు మాటలు పంపడం మొదలుపెట్టారు. మార్తాండరావు గారి అత్తగారు వెతికే పెట్టె మీద 'ఎక్కడ తగలడ్డావ్' అని పెట్టాలని పట్టుబట్టింది. వచ్చిన మాటలు సరిచూసే నార్వే ఆయన దాన్ని ఎందుకు వద్దంటున్నాడో ఆవిడకు చెప్పలేక అల్లుడుగారు చిక్కిపోయారు. చివరికి ఆవిడ పంపిన మరో మాటతో ఆవిడ పేరు కూడా ఆ పేజీలోకి ఎక్కింది. ఖాదర్ వలీ పెళ్ళాం పంపిన 'ఆగవయ్యా' మాత్రం వెంటనే తీసుకున్నారు. ఏదైనా ఆలస్యమైనప్పుడు తెర మీద అదే వస్తుంది. మా ఆఫీసుకు అంతకన్నా సరైన మాట దొరకదు.

నా కుర్చీ ఇంకా వెచ్చబడకముందే మెమో వచ్చింది. 'శాఖ వాడుచున్న సిస్టమ్ దాతలలో సూపరింటెండెంటు ఆదిశేషు భార్య కలదు. ఉద్యోగి కుటుంబ సభ్యులు అదే శాఖకు సరుకు సమకూర్చుట నియమ విరుద్ధము. కావున ఆమె పేరును దాతలలోనుంచి తొలగింపజేయవలెను. లేనిచో పదోన్నతి రద్దగును.'

ఇంటికెళ్ళి చదివి వినిపించాను. తులసీరత్నం మెమో తీసుకుని తనూ ఒకసారి చదివింది.

"తీయించెయ్యండి. పేరేగా. వాళ్ళకు నేను రాస్తాను, తీసేస్తారు," అంది.

"నీకు కష్టంగా లేదూ?"

"ప్రమోషను కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశారు మీరు!" అని ప్రెస్సు కాగితాలు ముందేసుకుంది. ఎవరో పెళ్ళికూతురి పేరు కింద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చూస్తోంది. ఊరందరి పేర్లూ దిద్దిన మనిషి పేరు, ఇన్నాళ్ళకు ఒకచోట సరిగ్గా పడితే, దాన్ని నా చేత్తో తుడిపించాలా? ఆ కుర్చీ ఎవడిక్కావాలి అనిపించింది. కావాలి కూడా అనిపించింది. అబద్ధమెందుకు, రెండూ అనిపించాయి.

మర్నాడు ఖాదర్ వలీ దగ్గర కూర్చున్నాను. అతను మెమో అంతా చదివి, నెమ్మదిగా నవ్వాడు.

"ఆనాడు అడగొద్దన్నాను, అడిగావు. ఇప్పుడు అడుగు శేషూ. బాగా అడుగు."

నాకు వెలిగింది. నా కంప్యూటరు ముందుకు జరిగాను. ఇన్నేళ్ళ సర్వీసులో అంత శ్రద్ధగా నేను ఏదీ రాయలేదు.

'పై మెమోను శిరసావహించుచున్నాను. అయితే ఈ కింది విషయములలో స్పష్టత నీయగలరు. దాత పేరును తొలగించునపుడు ఆమె ఇచ్చిన మాటలను కూడా తొలగించవలెనా? తొలగించినచో, శాఖలోని సమస్త కంప్యూటర్లలోను ఫైళ్ళను దాచుటకు మాట ఉండదు కనుక, ఫైళ్ళను దాచకుండా ఉంచు విధానమేది? తొలగించనిచో, పేరు లేని దాత ఇచ్చిన మాటను శాఖ ఏ నియమము కింద వాడవచ్చును? ఇదే నియమము గౌరవ జిల్లా అధికారి గారి అత్తగారికి కూడా వర్తించునా? స్పష్టత అందినవెంటనే ఆజ్ఞను అమలుపరచగలవాడను.'

దాన్ని తయారుచేసి మార్తాండరావు గారి కంప్యూటరుకు పంపి, నేనూ ఆయన గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఈసారి చెప్పులు విడవలేదు. ఆయన మొదటి ప్రశ్న చదివి తల ఊపారు. రెండోది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అత్తగారి దగ్గరకొచ్చేసరికి నుదుటిమీద చెమట పట్టింది.

"దీన్ని పైకి పంపితే ఏమవుతుందయ్యా?"

"కమిటీ వేస్తారండీ. విచారణకు హైమవతి గారు మీ ఇంటికి రావచ్చు."

"పంపకపోతే?"

"స్పష్టత వచ్చేవరకు నేను ఎదురుచూస్తానండీ. నాకేం తొందర లేదు."

ఆయన మొదటినుంచి మళ్ళీ చదివారు. పంపడానికి చెయ్యి రాలేదు, చింపడానికి అది కాగితం కాదు. చివరికి నిట్టూర్చి, తెర మూలనున్న మా ఆవిడ మాట మీద వేలు పెట్టి నొక్కారు.

'దాచు.'